వీలునామాలో చెరువుకూ ఒక పాలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. అవి నివేదికలో ముందు పేజీల్లోనే ఉన్నాయి. ఈసారి మమ్మల్ని పర్యావరణం గురించి మాట్లాడమన్నారు. చెట్లు నాటండి, ప్లాస్టిక్ మానండి అని అందరూ చెప్పేదే. మేము ఇంకో మాట చెప్పాలనుకుంటా ఉన్నాం. అది వీలునామా మాట. మనం పోయిన తర్వాత మనకున్న దాంట్లో చిన్న పాలు ఊరి చెరువుకో, గుట్ట మీది అడవికో, చెట్లను కాపాడే ఒక మంచి సంస్థకో రాసిపెట్టే మాట.

"శుభమా అని సభ పెట్టుకుంటే చావు మాట ఏమిటికమ్మా?" అని ఎవరైనా అనుకోవచ్చు. వీలునామా రాసినంత మాత్రాన ఎవరికీ ఆయుష్షు తగ్గదు. రాయకపోతే మాత్రం మన మాట మనతోనే పోతుంది.

మా ఊళ్లో జరిగింది చెప్తాం. మా సంఘాల్లో ఒక అవ్వ ఉండేది. భర్త ముందే పోయినాడు, పిల్లలు లేరు. చెరువు కట్ట కింద ముక్కాలెకరా భూమి ఉండేది, భర్త నుంచి వచ్చింది. గెనాల మీద చింతచెట్లు, కానగచెట్లు. ప్రతి మీటింగులోనూ ఆమె ఒకటే చెప్పేది: "నా తర్వాత ఈ చెట్లు కొట్టకూడదు. చింతపండు మీద వచ్చే దుడ్డు చెరువు వంక బాగు చేయడానికి పెట్టండి." సంఘంలో అందరమూ విన్నాం, అందరమూ సరే అన్నాం. ఆమె పోయింది. కాగితం ఏదీ లేదు. భూమి భర్త అన్నదమ్ముల కొడుకులకు పోయింది. వాళ్లు అమ్ముకున్నారు, కొన్నవాళ్లు చెట్లు కొట్టి చదును చేసుకున్నారు. ఎవరినీ తప్పు పట్టేదానికి లేదు. చట్టం ప్రకారం అది వాళ్లదే. ఆమె మాటకు మేము ముప్పై మంది సాక్షులం ఉన్నా, నోటిమాటకు ఆఫీసులో విలువ లేదు.

ఆడవాళ్లకు ఈ సంగతి మగవాళ్లకంటే ఎక్కువ అవసరం. ఎందుకో చూడండి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి ఆస్తి పూర్తిగా ఆమెదే. 30వ సెక్షన్ ప్రకారం ఆమె దాన్ని తన ఇష్టం వచ్చినట్టు వీలునామా రాయవచ్చు. మన రాష్ట్రంలో 1986లో చట్టం సవరించి ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో మగబిడ్డలతో సమానంగా పాలు ఇచ్చారు. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇంతవరకు బాగుంది. కానీ వీలునామా లేకుండా పోతే 15వ సెక్షన్ వస్తుంది. బిడ్డలు, భర్త ఉంటే ముందు వాళ్లకు. వాళ్లు లేకపోతే భర్త తరపు వారసులకు. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, బిడ్డలు లేనప్పుడు పుట్టింటివైపు పోతుంది. సొంతంగా సంపాదించుకున్నది మాత్రం భర్తవైపే పోతుంది.

దీనికి సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు ఒకటి ఉంది. నారాయణీదేవి అనే ఆమెకు 1955లో పెళ్లయింది. మూడు నెలలకే భర్త పాము కరిచి పోయినాడు. అత్తగారింటి వాళ్లు ఆమెను వెళ్లగొట్టినారు. అమ్మానాన్నలు తీసుకొచ్చి చదివించినారు, ఆమె ఉద్యోగం చేసి సంపాదించుకునింది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె సొంత సంపాదన కూడా భర్త తరపు వాళ్లకే పోయింది. చట్టంలో ఉన్నది అదే కాబట్టి సానుభూతి చూపించి మార్చలేమని కోర్టు చెప్పింది. ఆమె ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి ఉంటే, చేలు గట్టిన చెయ్యి ఆమెదే కాబట్టి పంట ఎవరికో ఆమే చెప్పి ఉండేది.

ఇప్పుడు చెరువు మాటకు వస్తాం. దానధర్మాలు తెలియనివాళ్లం కాదు మనం. తిరుపతి గుండా పోయే వాళ్లం, హుండీలో ముడుపు వేసేవాళ్లం. ఈ కొండ కింద దానం ఎట్లా పని చేసేదో పాత శాసనాల్లో ఉంది. 966లో సామవై అనే పల్లవ రాణి తిరుమల స్వామికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. ఇప్పుడు భోగ శ్రీనివాసుడు అంటామే, ఆ మూర్తి. ఆమె విగ్రహం ఇచ్చి ఊరుకోలేదు. పూజలు, ఉత్సవాలు జరగడానికి భూములు కూడా ఇచ్చింది. వస్తువు ఇస్తే చాలదు, అది నడిచేదానికి ఖర్చు కూడా చూపించాలని వెయ్యేండ్ల ముందే ఒక ఆడమనిషికి తెలుసు.

15, 16 శతాబ్దాల్లో ఇంకా మంచి పద్ధతి నడిచింది. భక్తులు నైవేద్యం కోసమని గుడికి డబ్బు ఇస్తే, ఆ డబ్బు పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. గుడికి చెందిన ఊళ్లలో చెరువులు, కాలవలు తవ్వడానికి ఖర్చు పెట్టినారు. నీళ్లు పారితే పంట పెరిగింది. పెరిగిన పంటలో నుంచి ఆ దాత పేరు మీద ఏటేటా నైవేద్యం పెట్టినారు. దాత పోయినాడు, నైవేద్యం నడిచింది, రైతు కయ్య కూడా తడిసింది. ఒక రూపాయి మూడు పనులు చేసింది. మనం సంఘంలో అంతర్గత అప్పు ఇచ్చి తిప్పుకుంటామే, దాదాపు అదే లెక్క.

మన పెద్దవాళ్లు ఏడు సంతానాలు అని చెప్పేవాళ్లు. సప్త సంతానాలు. కన్న బిడ్డ ఒకటి. మిగతా వాటిలో చెరువు తవ్వించడం ఉంది, తోపు పెంచడం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో ఇప్పటికీ పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం అక్కడే ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండు సంవత్సరాలు పని చేసినారని అందులో రాసి ఉంది. ఆయన కన్నబిడ్డల పేర్లు మనకు తెలియవు. ఆ చెరువు మాత్రం 650 ఏండ్లుగా సేద్యం చేయిస్తా ఉంది. బిడ్డలు లేని అక్కలు సంఘాల్లో బాధపడతా ఉంటారు, "మా పేరు చెప్పేవాళ్లు ఎవరు" అని. అమ్మా, తోపు కూడా సంతానమే అని పెద్దలు చెప్పినారు. మేము కొత్తగా చెప్పడం లేదు.

మరి ఇప్పుడు అవసరం ఏముంది అంటారా? 2021 నవంబరు మనం మరిచిపోలేదు. వానలకు తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయినాయి, స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకు పడితే కింద ఊళ్లను ఖాళీ చేయించినారు. రాయల కాలం నాటిదని చెప్పుకునే చెరువు అది. ఇసుక మూటలు వేసి, కట్టను గట్టిపరచి కాపాడినారు. చెరువు కట్టడం ఒక పని. దాన్ని కాపాడుకోవడం తరతరాల పని. కంపచెట్లు పెరిగితే తీయాలి, వంకలు మూసుకుపోతే తెరవాలి, తూము బాగు చేయాలి. ప్రభుత్వ పనులు వచ్చినప్పుడు వస్తాయి. ఊరికంటూ చిన్న నిధి ఉంటే చిన్న రంధ్రం చిన్నదిగా ఉన్నప్పుడే పూడ్చుకోవచ్చు.

పడమటి మండలాల అక్కలకు వేరే చెప్పే పని లేదు. బోరు వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడక, తీసుకున్న అప్పు మన సంఘాల్లోనే కట్టినవాళ్లు ఇక్కడ కూర్చున్నారు. పలమనేరు, కుప్పం వైపు వాళ్లకు కౌండిన్య అడవి ఏనుగులు తెలుసు. అడవిలో మేత, నీళ్లు తగ్గితే అవి మన చెరుకు, వరి మీదికే వస్తాయి. ఎర్రచందనం మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతట అది అడవిగా పెరగదు. అడవి పోతే నీళ్లు పోతాయి, నీళ్లు పోతే ఆవు పోతుంది, ఆవు పోతే మన పాల డబ్బు పోతుంది. కంతు కట్టేది ఎట్లా? ఇది మనకు దూరం మాట కాదు.

ఇట్లా ఇచ్చినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని మేము కనుక్కున్నాం. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అని ఒకామె ఉండేది. చిన్నపిల్లలకు కుందేలు కథలు బొమ్మలు వేసి రాసేది. పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో కొండల ప్రాంతంలో ఒక్కొక్క పొలమే కొనింది, గొర్రెలు పెంచింది. 1943లో చనిపోయినప్పుడు సుమారు 4,000 ఎకరాలు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు వీలునామాలో రాసింది. ఆ కొండ పొలాల్లో ఆ ప్రాంతపు గొర్రెల జాతినే పెంచుతా ఉండాలని కూడా రాసింది. ఇప్పటికీ అక్కడ ఆ గొర్రెలు మేస్తా ఉన్నాయి. గొర్రెలు మేపే వాళ్లం మనలోనూ ఎంతమంది లేరు!

మన తెలుగువాళ్లలో సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు ఉన్నారు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ల మీద జల సాధన సమితి పెట్టి పోరాడిన మనిషి. తాతల నాటి భూమిలో 70 ఎకరాలు అడవిగా పెంచినారు. ఎంత ధర ఇస్తామన్నా అమ్మలేదు. ఇది పక్షులది, జంతువులది అని చెప్తారు. వింటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. మనం ఎవరమైనా "నా అరెకరా పిట్టలకు" అని రాస్తే చట్టం ముందు నిలవదు. పిట్టకు పట్టాదారు పాసుపుస్తకం ఇవ్వరు. పిట్టల తరపున చూసుకునే ఒక సంస్థ పేరు రాయాలి.

మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చూడండి. బడి పెట్టిన రోజుల్లో అది కరువు లోయ. ఏండ్ల తరబడి చెట్లు పెంచి పచ్చగా చేసినారు, 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించినారు. మొదలుపెట్టినవాళ్లు పోయినా సంస్థ ఉంది కాబట్టి చెట్లు ఉన్నాయి.

సరే, ఎట్లా రాయాలి? మేము పదో తరగతి దాకా చదివినవాళ్లం, వకీళ్లం కాదు. అడిగి తెలుసుకున్నది చెప్తాం.

వీలునామా తెల్ల కాగితం మీద, తెలుగులో రాయవచ్చు. స్టాంపు పేపరు అవసరం లేదు. రాసినామె సంతకం పెట్టాలి, చదువు రాకపోతే వేలిముద్ర చాలు. ఇద్దరు సాక్షులు ఆమె సంతకం పెట్టడం చూసి, ఆమె ముందే సంతకాలు చేయాలి. ఇది 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్. ఆస్తి ఎవరికి రాస్తున్నామో వాళ్లను సాక్షులుగా పెట్టుకోకపోవడం మంచిది. ముసలితనంలో రాసేవాళ్లు, బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకుంటే తర్వాత తగాదా తగ్గుతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే బలం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేస్తారు. రిజిస్టరు చేసినా, చేయకపోయినా మనం బతికి ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అన్నిటికంటే చివర రాసిందే చెల్లుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వీలునామా వేరు, దాన సెటిల్‌మెంటు దస్తావేజు వేరు. వీలునామా మనం పోయినాక అమలవుతుంది. దాన దస్తావేజు రిజిస్టరైతే ఆ రోజే ఆస్తి చేయి దాటిపోతుంది, మామూలుగా వెనక్కి రాదు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యవ్వా, వీలునామానే" అని ఎవరైనా అంటే, కొడుకైనా, సంస్థ మనిషైనా, ఆఫీసులో చదివి వినిపించమని అడగండి. పెద్దవాళ్లను చూసుకుంటామనే షరతు మీద రాయించుకుని చూడకపోతే, 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. షరతు కాగితంలో ఉండాలి.

బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా, చాలదా అంటారు. నామినీ డబ్బు తీసుకునే మనిషి. బ్యాంకు డిపాజిట్టు నిజంగా ఎవరిదో వీలునామా, లేకపోతే వారసత్వ చట్టం చెప్తాయి. రెండూ ఒకే మాట చెప్పేలా చూసుకోండి.

మనది ఏదో అదే రాయగలం. సంఘం పొదుపులో మన వాటా మనది. సంఘం నిధి మొత్తం మనది కాదు. అప్పులు ముందు తీరాలి, ఆ తర్వాతే దానం. డి.కె.టి. పట్టా భూములు వారసులకు వస్తాయి కానీ, అమ్మడానికి, ఇంకొకరికి ఇవ్వడానికి 1977 చట్టం కింద ఆంక్షలు ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలాలకు కూడా షరతులు ఉంటాయి. తహసీల్దారు ఆఫీసులో అడగకుండా వాటిని వీలునామాలో దానం రాయొద్దు. ముస్లిం అక్కచెల్లెళ్లు తమ ధర్మశాస్త్రం ప్రకారం, అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాకా రాయవచ్చు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి.

ఎవరికి రాయాలి అనేది పెద్ద ప్రశ్న. "చెరువుకు" అని ఊరికే రాస్తే ఎవరు తీసుకోవాలి? మా దృష్టిలో మూడు దారులు. ఒకటి, గ్రామ పంచాయతీ. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, వాటికి స్థానిక నిధి పెట్టుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. మీ ఊళ్లో కమిటీ పని చేస్తా ఉందా, కాగితం మీదే ఉందా కనుక్కోండి. రెండు, రిజిస్టరైన ట్రస్టు లేదా సొసైటీ. రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ నంబరు, ఏటేటా ఆడిట్ జరుగుతా ఉందా అడగండి. అడిగితే కోపం వచ్చే సంస్థకు రాయొద్దు. మన సంఘం పుస్తకాలు మనం ఎవరికైనా చూపిస్తాం కదా, వాళ్లూ చూపించాలి. మూడు, మన సమాఖ్యే. మన చిన్న సంఘాలు మామూలుగా రిజిస్టరై ఉండవు, సమాఖ్యలు 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవి. సమాఖ్య తీర్మానం చేసి, వేరే ఖాతా పెట్టి, ఏ పనికి వాడాలో ముందే రాసుకుంటే ఈ దారి మనకు దగ్గర.

ఏ దారైనా సంస్థ పూర్తి పేరు, చిరునామా రాయండి. భూమి అయితే సర్వే నంబరు, హద్దులు రాయండి. ఏ పనికో రాయండి. ఆ సంస్థ అప్పటికి లేకపోతే ఎవరికి పోవాలో అది కూడా రాయండి. ఇదంతా అమలు చేసేదానికి నమ్మకమైన ఒక మనిషి పేరు పెట్టండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. చెప్పకుండా రాసింది తలుపు తీసినాక తగాదా అవుతుంది. చెప్పి రాసింది చాలాసార్లు ఇంటికి గౌరవం అవుతుంది.

మా గ్రామ సంఘంలో ఈ మాట పెట్టినప్పుడు ఒక అక్క లేచి గట్టిగానే అడిగింది: "ఉన్నదే అరెకరా. ముగ్గురు బిడ్డలు. వాళ్ల నోటి కాడ కూడు తీసి చెరువులో వేయమంటారా?" ఆమె అడిగింది న్యాయం. ఆమెకు మేము చెప్పిందే మీకూ చెప్తాం. బిడ్డలకు తక్కువ చేసి దానం చేయొద్దు. బాగాలేని కోడలు, పెళ్లి కాని కూతురు, మానసికంగా ఎదగని బిడ్డ ఉంటే వాళ్లే ముందు. ఎవరినీ బలవంతం చేయొద్దు. సంఘంలో ఎవరు రాసినారు, ఎవరు రాయలేదు అని పేర్లు చదవొద్దు. అప్పు ఇచ్చేటప్పుడు దీన్ని చూడొద్దు. భూమే ఇవ్వాలని లేదు. పొదుపులో వెయ్యి రూపాయలు చాలు. ఒక గ్రామ సంఘంలో 150 మంది ఉండి, తలా రెండు వేలు రాసినారు అనుకోండి. అందరూ ఒకేసారి పోరు, పోకూడదు కూడా. కాలక్రమంలో అది 3 లక్షలు. ఊరి వంక బాగు చేయడానికి, గుట్ట మీద నాటిన మొక్కలకు మూడు ఎండాకాలాలు నీళ్లు పోయడానికి పనికొస్తుంది. మొక్క నాటినప్పుడు ఫొటో తీస్తారు, మూడో ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లకు కూలి ఎవరూ ఇవ్వరు. మన డబ్బు అక్కడ పెట్టాలి.

ఆ అక్క ఇప్పటికీ చెరువుకు ఏమీ రాయలేదు. తన అరెకరా ముగ్గురు బిడ్డలకు, ఆడబిడ్డకు కూడా సమానంగా, వీలునామా రాయించుకుని రిజిస్టరు చేయించుకుంది. మాకు అది కూడా చాలా సంతోషం. చెరువు మాటతో మొదలుపెట్టి ఒక ఆడబిడ్డకు పాలు దక్కింది.

ఖర్చు గురించి భయపడొద్దు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

చివరగా ఈ మహాజన సభ ముందు మా గ్రామ సంఘం తరపున మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ప్రతి గ్రామ సంఘం ఈ ఏడాది ఒక నెల మీటింగులో వీలునామా గురించి చర్చ పెట్టాలి. మండలంలో ఒక రోజు న్యాయ సేవాధికార సంస్థ వకీలును పిలిచి శిబిరం పెట్టాలి, ముసలి అవ్వలను, ఒంటరి ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టాలి. చెరువు, అడవి పనులకు సమాఖ్యలో వేరే ఖాతా తెరిచేదానికి, దాని నియమాలు రాసేదానికి ఐదుగురితో ఒక ఉపసంఘం వేయాలి. నియమాలు సిద్ధమై, సభ ఒప్పుకున్న తర్వాతే ఎవరి దగ్గరైనా రూపాయి తీసుకోవాలి.

ఓబుల ఎన్నికలు ముగిసినాక ఈ తీర్మానాలు చదువుతారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, ఒప్పుకోనివాళ్లు లేచి ఎందుకో చెప్పండి.